కలకత్తా రూపాయల కప్పు

బ్రిటిషు దీవుల ఉత్తర భాగాన, ఫోర్త్ అఖాతపు దక్షిణ తీరాన వెలసిన ఎడిన్‌బరో నగరం స్కాట్లండుకు రాజధాని. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతపు రాతి గుట్టపై నిలిచిన కోట, అక్కడి నుంచి హోలీరూడ్ రాజభవనం దాకా దిగివచ్చే పాత రాజవీధి, లోయకు ఆవలి పక్క పద్ధెనిమిదవ శతాబ్దంలో కొలబద్ద పెట్టి గీసినట్టు నిర్మించిన కొత్త పట్టణం – వీటిని తిలకించడానికి ప్రపంచం నలుమూలల నుంచీ యాత్రికులు వస్తారు. ఈ దర్శనీయ స్థలాలను గురించి యాత్రా గ్రంథాలలో కావలసినంత సమాచారం ఉన్నది. కనుక వాటిని పక్కన ఉంచి, 2018 ఫిబ్రవరి మాసంలో ఆ నగరం ఒక ఆట కోసం ఎదురుచూసిన వారం రోజుల ముచ్చటను మన పత్రిక పాఠకులతో పంచుకోదలచాము.

మన సంస్థలో సుదీర్ఘ సేవ ముగించుకొని విశ్రాంత జీవితం గడుపుతున్న మేము దంపతులము, మనవరాలి మొదటి పుట్టినరోజు నిమిత్తం ఆ శీతకాలంలో మా అమ్మాయి, అల్లుడి వద్దకు వెళ్ళాము. వారు నివసించేది స్టాక్‌బ్రిడ్జి అనే పేటలో. వాటర్ ఆఫ్ లీత్ అనే చిన్న ఏరు ఆ పేట మధ్యగా పారుతుంది. ప్రధాన వీధి పేరు రేబర్న్ ప్లేస్. రొట్టెల దుకాణాలు, పాత పుస్తకాల దుకాణాలు దాటుకొంటూ పోతే ఆ వీధి చివర ఒక పచ్చిక మైదానం కనిపిస్తుంది. మనవరాలిని తోపుడు బండిలో కూర్చోబెట్టుకొని మేము రోజూ అటే నడిచేవారము. అది సామాన్యమైన మైదానం కాదని మాకు తెలియజెప్పినది పక్క ఇంటి పెద్దాయన. ప్రపంచంలో మొట్టమొదటి అంతర్జాతీయ రగ్బీ పోటీ 1871 మార్చి 27న, స్కాట్లండు ఇంగ్లండుల మధ్య అక్కడనే జరిగిందట. ఆ రోజుల్లో పక్షానికి ఇరవై మంది ఆడేవారు. ఆనాడు విజయం స్కాట్లండును వరించింది.

"మీరు భారతదేశం వారు గదా! అయితే వచ్చే శనివారం జరగబోయే ఆట మీది కూడా" అన్నారాయన. మాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు కప్పు కథ.

కప్పు పుట్టుక

1872లో క్రిస్మస్ పండుగ నాడు కలకత్తాలో నివసించే ఆంగ్లేయులు ఒక పక్షంగా, స్కాట్లండు, ఐర్లండు, వేల్సు దేశాల వారు మరొక పక్షంగా రగ్బీ ఆడారు. ఆ ఉత్సాహంతో 1873 ఆరంభంలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు ఏర్పడింది. అయితే ఆ ఆటకు వంగదేశపు ఎండ పొసగలేదు. ఆడే సైనిక దళం మరో చోటికి తరలిపోయింది. పోలో, టెన్నిస్ క్రీడలకు ఆదరణ పెరిగింది. అన్నిటికీ మించి, సభ్యులకు ఉచితంగా పోస్తూ వచ్చిన మద్యాన్ని ఆపివేయడంతో సభ్యత్వం తరిగిపోయిందని క్లబ్బు చరిత్ర చెబుతున్నది! చివరకు 1878లో క్లబ్బును మూసివేయదలచి, బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసి, వాటిని కరిగించి, ఒక కప్పు చేయించి ఇంగ్లండులోని రగ్బీ సంఘానికి పంపారు. దాని కోసం ఏటా పోటీ జరగాలన్నది వారి కోరిక. అది ఇంగ్లండు స్కాట్లండుల మధ్య జరిగే పోటీలో గెలిచిన వారికి దక్కే కప్పు అయింది. కప్పు కోసం తొలి పోటీ 1879లో ఇదే రేబర్న్ ప్లేసులో జరిగి సమంగా ముగిసింది.

కప్పు పనితనం మన దేశపు వెండిపని వారిదే. పడగ విప్పిన మూడు నాగుపాములు పిడులుగా అమరి ఉంటాయి. మూత మీద ఏనుగు. కింది చెక్క పీఠానికి బిగించిన పలకల మీద ఒక్కొక్క సంవత్సరపు విజేతల పేర్లు చెక్కి ఉంటాయి. 1988లో ఆట ముగిసిన రాత్రి ఇరు జట్లకు చెందిన ఇద్దరు ఆటగాళ్ళు మద్యం మత్తులో ఈ కప్పును ప్రిన్సెస్ స్ట్రీటు వెంట ఆటవస్తువు వలె తన్నుకొంటూ పోగా బాగా సొట్టలు పడ్డది. ఇద్దరికీ శిక్షలు పడ్డాయి. కప్పును బాగు చేయించారు.

నాగుపామును, ఏనుగును చూడగానే మా శ్రీమతి "ఇది మన ఇంటి వస్తువే" అన్నది. ఆ రూపాయల వెనుక ఉన్న చెమట ఎవరిదో ఆ పలకల మీద ఎక్కడా లేదు. అయినప్పటికీ మన వెండి, మన కంసాలి పనితనం రెండు దేశాల అభిమానానికి గురుతుగా నూట నలభై ఏళ్ళు నిలిచాయన్న సంగతి విని మాకు కూడా ఆ ఆట మీద ఆసక్తి కలిగింది.

ఆట తెలియని వారి కోసం నాలుగు మాటలు

రగ్బీలో పక్షానికి పదిహేను మంది. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత పట్టుకొని పరుగెత్తవచ్చు, తన్నవచ్చు. చేతితో అందించేటప్పుడు మాత్రం ముందుకు విసరరాదు, పక్కకో వెనుకకో అందించాలి. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దానిని 'ట్రై' అంటారు, ఐదు పాయింట్లు. ఆ తరువాత గోలు స్తంభాల మధ్యగా తన్నితే మరి రెండు. ప్రత్యర్థి తప్పు చేసినప్పుడు దొరికే పెనాల్టీని స్తంభాల మధ్యగా తన్నితే మూడు. ఎనిమిది మంది భారీకాయులు ముందు వరుసలలో నిలిచి బంతి కోసం పెనుగులాడతారు. వెనుక ఉన్న ఏడుగురు దానిని పరుగులు పెట్టిస్తారు. ఈ రెండు దళాలకూ నడుమ నిలిచి, బంతిని తన్నాలా, అందించాలా, తానే పరుగెత్తాలా అని రెప్పపాటులో నిర్ణయించేవాడు పదో నెంబరు ఆటగాడు. జట్టుకు బుర్ర వంటివాడు. ఆ వారం ఎడిన్‌బరోలో నడచిన వాదన అంతా ఈ పదో నెంబరు గురించే.

అప్పటి పరిస్థితి ఇది. ఆరు దేశాల పోటీలో స్కాట్లండు ఫిబ్రవరి 3న కార్డిఫ్ నగరంలో వేల్సు చేతిలో 34–7 తేడాతో చిత్తుగా ఓడిపోయింది. పదో నెంబరు ఫిన్ రసెల్ ఆ రోజు ఏమాత్రం రాణించలేదు. ఫిబ్రవరి 11న స్వదేశంలో ఫ్రాన్సును 32–26తో ఓడించారు గాని, ఆ ఆట చివరి భాగంలో రసెల్‌ను బయటకు పిలిచి, గ్రెగ్ లెయిడ్లా అనే అనుభవశాలిని ఆ స్థానానికి జరిపిన తరువాతనే గెలుపు ఖాయమైంది. ఫిబ్రవరి 24న రాబోతున్నది ఇంగ్లండు. 2016 నుంచి ఒక్క ఐర్లండు చేతిలో ఒక్కసారి తప్ప ఓటమి ఎరుగని జట్టు. అంతకు ముందటి ఏడాది లండనులో స్కాట్లండును 61–21తో మట్టి కరిపించిన జట్టు. కప్పు స్కాట్లండు చేతికి చిక్కి పదేళ్ళు కావస్తున్నది. మరి రసెల్‌ను ఆడించాలా, వద్దా?

డ్రైవరు, సిగ్నల్‌మన్

పక్క ఇంటి పెద్దాయన రైల్వేలో డ్రైవరుగా పనిచేసి విరమించారు. ఆయనకు నలభై ఏళ్ళ నాటి మిత్రుడొకరు ఉన్నారు. ఆయనదీ రైల్వే ఉద్యోగమే, సిగ్నల్‌మన్. దక్షిణాన ఇంగ్లండు సరిహద్దుకు చేరువలో ఉన్న హాయిక్ పట్టణం వాస్తవ్యుడు. ఉన్ని మిల్లులకు, రగ్బీ ఆటగాళ్ళకు పేరుగాంచిన ఊరది. ఒక చిత్రమైన సంగతి – జీవితమంతా రైల్వేలో గడిపిన ఆ మనిషి ఊరికి రైలు లేదు. ఎడిన్‌బరో నుంచి హాయిక్ మీదుగా కార్లైల్ పోయే మార్గాన్ని 1969లో మూసివేశారు. 2015లో కొంత దూరం వరకు, ట్వీడ్‌బ్యాంక్ దాకా, తిరిగి తెరిచారు. ఆయన అక్కడి వరకు బస్సులో వచ్చి రైలెక్కి ఎడిన్‌బరో చేరతారు.

1990 దశకంలో బ్రిటిషు రైల్వేలను ప్రైవేటు సంస్థలకు అప్పగించినప్పుడు ఈ ఇద్దరి దారులు వేరయ్యాయి. సిగ్నల్‌మన్ స్వచ్ఛంద విరమణ తీసుకొని ఊరికి వెళ్ళిపోయారు. డ్రైవరు కొత్త యాజమాన్యం కింద కొనసాగారు. ఎవరు ఎవరిని విడిచి వెళ్ళారన్న మాట మీద మాట పెరిగి, ఏడాదికి పైగా ఇద్దరికీ పలకరింపులు లేవట. ఆ తరువాత కలకత్తా కప్పు వారం వచ్చింది. ఒక సాయంత్రం హాయిక్ నుంచి టెలిఫోను మోగింది. కుశల ప్రశ్న లేదు, క్షమాపణ లేదు. "ఈసారి పదో నెంబరు ఎవరంటావు?" అన్నది ఒక్కటే మాట. డ్రైవరు ఒక పేరు చెప్పారు. అవతలి ఆయన కాదన్నారు. వాదన గంటసేపు సాగింది. నాటి నుంచి ఏటా ఈ వారంలో ఇద్దరూ కలవడం, కలిసి వాదించుకోవడం ఆనవాయితీ అయింది. రైల్వే ప్రస్తావన మాత్రం నేటికీ తీసుకురారు.

ఆ గురువారం సాయంత్రం పేటలోని ఒక పబ్బుకు మమ్మల్ని కూడా తీసుకువెళ్ళారు. పబ్బు అంటే మద్యశాలే అయినప్పటికీ, మన రచ్చబండ వంటి స్థలం. పిల్లల తల్లులు, కుక్కలతో షికారు వచ్చినవారు, వృద్ధులు – అందరూ వస్తారు. బయట ఎముకలు కొరికే చలి. లోపల మంట వెలుగుతున్నది. మేము అల్లపు సోడాలు పుచ్చుకొని ఒక మూల కూర్చున్నాము. జట్టు పేర్లు అప్పటికే వెలువడ్డాయి. శిక్షకుడు గ్రెగర్ టౌన్సెండ్ రసెల్‌ను కొనసాగించాడు. పేర్లు ప్రకటించాక ఇంకా వాదనకు ఏమున్నదని మేము అనుకున్నాము. మన సంస్థలో పదోన్నతుల జాబితా నోటీసు బోర్డుకు ఎక్కిన తరువాతనే గదా క్యాంటీనులో అసలు చర్చ ఆరంభమయ్యేది! అక్కడా అంతే.

హాయిక్ మిత్రుడు వేళ్ళు మడిచి లెక్క చెప్పసాగారు. "2006లో మనం ఇంగ్లండును 18–12తో ఓడించాం. 2008లో 15–9తో ఓడించాం. రెండింటిలోనూ మన వాళ్ళు ఒక్క ట్రై వేశారా? లేదు. పాయింట్లన్నీ కాలి తన్నులతో వచ్చినవే. మొన్న ఫ్రాన్సు మీద రెండో సగంలో వచ్చిన పద్దెనిమిదీ లెయిడ్లా పెనాల్టీలే. ఇంగ్లండు భారీ జట్టు. అటువంటి జట్టును తప్పు చేయించి గెలవాలి. బంతిని వారి భూభాగంలోకి దూరంగా తన్ను, ఎదురుచూడు, ఒత్తిడి పెట్టు. సర్కసు చేసేవాడు మనకు వద్దు."

డ్రైవరుగారు సావధానంగా విన్నారు. తరువాత ఒక్క లెక్కే చెప్పారు. "2004 తరువాత ముర్రేఫీల్డు మైదానంలో ఇంగ్లండు మీద మనం ఒక్క ట్రై వేయలేదు. పద్నాలుగేళ్ళు! 2014లో సున్నా. 2016లో మూడు పెనాల్టీలు, తొమ్మిది పాయింట్లు, ఓటమి. నీ జాగ్రత్త మనకు రెండు గెలుపులు ఇచ్చింది, మిగిలిన ఏళ్ళన్నీ తీసుకుపోయింది. ఫ్రాన్సు మీద మొదటి రెండు ట్రైలు వచ్చినప్పుడు మైదానంలో రసెల్ లేడా? ప్రత్యర్థి ఊరికే తప్పు చేయడు. వాణ్ణి పరుగెత్తిస్తేనే చేస్తాడు."

పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక యువతి కల్పించుకున్నది. ఆమె పాఠశాలలో వ్యాయామోపాధ్యాయిని, తానూ రగ్బీ ఆడుతుందట. ఇద్దరు పెద్దలూ అసలు సంగతి విడిచి పేర్ల గురించి పోట్లాడుతున్నారని ఆమె అభిప్రాయం. ఆటగాడు నేలకు ఒరిగినప్పుడు అతని మీదుగా ఇరుపక్షాల వారూ బంతి కోసం పెనుగులాడే ఘట్టాన్ని 'రక్' అంటారు. ఇంగ్లండు ఎంచుకున్న వెనుక వరుస ముగ్గురూ బలాఢ్యులే గాని, వంగి బంతిని లాక్కోవడంలో ఆరితేరిన వేగగాడు వారిలో లేడని, స్కాట్లండు పక్షాన జాన్ బార్క్‌లే, హేమిష్ వాట్సన్ ఆ విద్యలో నిపుణులని ఆమె వివరించింది. "రక్ దగ్గర మనం గెలిస్తే రసెల్ మేధావి అవుతాడు. ఓడితే మూర్ఖుడవుతాడు. బంతి మూడు క్షణాలలో అందితే ఒక మనిషి, ఆరు క్షణాలకు అందితే వేరొక మనిషి" అన్నది. వృద్ధులిద్దరూ కాసేపు మౌనం వహించారు. ఇరవై ఏళ్ళుగా సాగుతున్న వాదంలో బహుశః ఇది కొత్త మాట.

మా వంతుగా మేము 2001 మార్చి నాటి ఈడెన్ గార్డెన్సు టెస్టును ప్రస్తావించాము. కప్పు పుట్టిన ఆ కలకత్తాలోనే, ఆస్ట్రేలియా చేతిలో ఫాలో ఆన్‌కు గురైన భారత జట్టు మొదటి ఇన్నింగ్సులో ఆరో స్థానంలో ఆడిన మన హైదరాబాదు లక్ష్మణ్‌ను మూడో స్థానంలో పంపడం, మూడో స్థానపు ద్రావిడ్ ఆరుకు జరగడం, ఒకరు 281, మరొకరు 180 చేయడం, భారత్ 171 పరుగులతో గెలవడం వివరించి, సాహసమే గెలిపించిందని ముగించాము. హాయిక్ మిత్రుడు చిరునవ్వుతో "ఆ లక్ష్మణ్ మొదటి ఇన్నింగ్సులో ఎంత చేశాడు?" అని అడిగారు. 59 అని, అదే జట్టులో అత్యధికమని చెప్పాము. "అయితే అది సాహసం కాదు. బాగా ఆడుతున్నవాణ్ణి ముందుకు పంపారు, తడబడుతున్నవాణ్ణి వెనుకకు జరిపారు. నేను చెబుతున్నదీ అదే గదా!" అన్నారు. మా ఉదాహరణను మా చేతిలోంచే లాక్కొన్న తీరుకు బల్ల చుట్టూ నవ్వులు విరిశాయి.

అంతవరకు వింటూ కూర్చున్న మా శ్రీమతి, మా అమ్మాయి ద్వారా ఒక ప్రశ్న వేసింది. "ఒక్క రోజు తప్పు చేశాడని తీసివేస్తే, రేపు ఆ చోటికి వచ్చేవాడు తప్పు చేస్తానేమోనన్న భయంతోనే గదా ఆడతాడు?"

హాయిక్ మిత్రుడు దానిని తేలికగా తోసిపుచ్చలేదు. "భయం కొంత ఉండాలమ్మా" అన్నారు. "నేను ముప్ఫై ఏళ్ళు సిగ్నలు క్యాబినులో కూర్చున్నవాణ్ణి. అనుమానం వస్తే బండిని ఆపాలి. పది నిమిషాలు ఆలస్యమైతే జనం తిడతారు, అంతే. ఒక్కసారి తప్పుగా వదిలితే తిట్టడానికి జనం మిగలరు."

డ్రైవరుగారు గ్లాసు కింద పెట్టారు. "ఆపి ఉంచిన బండి భద్రంగానే ఉంటుంది. కాని అది ఎవరినీ ఎక్కడికీ చేర్చదు" అన్నారు.

పదో నెంబరు గురించి వారిద్దరూ ఎందుకు ఏకీభవించలేరో అప్పుడు బోధపడింది. చేసిన ఉద్యోగం మనిషి స్వభావంలో ఇంకిపోతుంది. ఒకరు జీవితమంతా ఎర్రదీపం వెలిగించారు. మరొకరు పచ్చదీపం కోసం కళ్ళు చికిలించి చూశారు. రసెల్ సైతం రగ్బీ వృత్తిలోకి రాకముందు కొన్నాళ్ళు రాతిపని చేసినవాడు. రాతిని ఎక్కడ కొడితే చీలుతుందో చూడగలవాడని ఒకరు, ఒక్క దెబ్బ తప్పితే రాయంతా పాడవుతుందని మరొకరు అదే విషయాన్ని రెండు వైపులకూ వాడుకున్నారు. ఇక శిక్షకుడు టౌన్సెండ్ తన రోజుల్లో ఇటువంటి దుడుకు పదో నెంబరే. 1999లో స్కాట్లండు ఐదు దేశాల పోటీ గెలిచినప్పుడు ప్రతి ఆటలోనూ ట్రై వేసినవాడు. తన ప్రతిబింబాన్ని తానెలా తీసివేస్తాడని హాయిక్ మిత్రుని ఆక్షేపణ.

శనివారం నడక

ఆట రోజున టిక్కెట్లు దొరికే ప్రసక్తే లేదు. ముర్రేఫీల్డు మైదానంలో అరవై ఏడు వేల మందికి చోటున్నా అన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయి. అయినా ఆ జనసందోహాన్ని చూడకపోతే లోటని, మధ్యాహ్నం ఏటి వెంట మమ్మల్ని నడిపించుకు వెళ్ళారు. స్టాక్‌బ్రిడ్జి నుంచి ముర్రేఫీల్డు దాకా ఆ ఏటి గట్టునే కాలిబాట ఉన్నది. పైన ఎత్తయిన డీన్ వంతెన, కింద పూర్వం పిండి మరలు ఆడిన డీన్ గ్రామం, తడి రాళ్ళ మీద పాచి. నగరం నడుమ ఉన్నామన్న సంగతే మరచిపోతాము. బాట పొడవునా గళ్ళ కిల్టులు ధరించిన పురుషులు, నీలిరంగు కండువాలు చుట్టుకొన్న స్త్రీలు, తండ్రుల భుజాల మీద పిల్లలు. ఇంగ్లండు అభిమానులు తెల్ల చొక్కాలతో వారి మధ్యనే నడుస్తున్నారు. ఎవరి చేతిలోనూ కర్ర లేదు, ఎవరి మధ్యా పోలీసు గొలుసు లేదు. అందరి నోటా అదే చర్చ: గాలి ఎటు వీస్తున్నది, రక్ దగ్గర ఎందరిని పంపాలి, అరవై నిమిషాల తరువాత ఎవరిని మార్చాలి. ఒక ఆంగ్లేయుడు డ్రైవరుగారిని ఆపి "మీరు రసెల్‌ను ఆడిస్తున్నందుకు మాకు సంతోషంగా ఉంది" అని నవ్వుతూ వెళ్ళాడు. హాయిక్ మిత్రుడు "విన్నావా?" అన్నట్టు చూశారు.

మైదానం ద్వారం దాకా వెళ్ళి, బ్యాగుపైపుల నాదం విని, ట్రాము ఎక్కి తిరిగి వచ్చి పబ్బులో టెలివిజను ముందు చేరాము. 1990లో ఇద్దరూ అదే మైదానంలో భుజం భుజం రాసుకొని నిలబడి, నాయకుడు డేవిడ్ సోల్ తన జట్టును మెల్లగా నడిపించుకుంటూ తీసుకురావడం, స్కాట్లండు 13–7తో గెలవడం చూశారట. ఆ మాట ఇద్దరూ ఒకే గొంతుతో చెప్పారు. వారు ఏకీభవించగా మేము విన్నది అదొక్కటే.

ఆట

ఆట వర్ణన పొడిగించము. పదిహేనో నిమిషంలో రసెల్ నేలబారుగా తన్నిన బంతిని హ్యూ జోన్స్ అందుకొని ట్రై వేశాడు. పద్నాలుగేళ్ళ లెక్క ముగిసింది. మరి కాసేపటికి స్కాట్లండు తన సగభాగంలో ఉండగానే రసెల్ బంతిని ప్రత్యర్థి నెత్తి మీదుగా, పొడుగ్గా, దూరంగా ఉన్న జోన్స్‌కు విసిరాడు. ఆ పాసు చిక్కితే ఇంగ్లండుకు ట్రై తథ్యం. హాయిక్ మిత్రుడు చేతులతో ముఖం కప్పుకోవడం మేము కళ్ళారా చూశాము. బంతి వేలికొసల మీదుగా దాటి జోన్స్ గుండెల మీద వాలింది. ఆ దాడి చివరకు షాన్ మెయిట్‌లాండ్ మూలన ట్రై వేయడంతో ముగిసింది. విరామానికి ముందు జోన్స్ ఇద్దరిని ఈడ్చుకుపోయి మరొకటి వేశాడు. అప్పటికి 22–6. రెండో సగంలో ఇంగ్లండు పుంజుకొని ఒక ట్రై వేసినా, వ్యాయామోపాధ్యాయిని చెప్పినట్టే రక్ దగ్గర స్కాట్లండుదే పైచేయి అయింది. చివరికి 25–13. ఆ రెండో సగంలో స్కాట్లండుకు వచ్చిన ఏకైక మూడు పాయింట్లూ ఒక పెనాల్టీ వల్ల వచ్చినవి, తన్నినవాడు రసెల్.

2008 తరువాత మొదటిసారి కప్పు స్కాట్లండు చేతికి వచ్చింది. ముసలివారు కంటతడి పెట్టారు. డ్రైవరుగారు గెలిచానని ఒక్క మాట అనలేదు. మిత్రునికి చేయి అందించి లేవదీసి, ఆఖరు రైలు వేళ అవుతున్నదని గుర్తు చేశారు. హాయిక్ మిత్రుడు కోటు తొడుక్కొంటూ "ఆ పాసు పదిసార్లు వేస్తే తొమ్మిదిసార్లు దొరికిపోతుంది. వచ్చే వారం ఫోన్ చేస్తాను, ఐర్లండు మీద లెయిడ్లానే పదో నెంబరు" అన్నారు.

తరువాతి సంగతులు

మార్చి 10న డబ్లిన్‌లో ఐర్లండు 28–8తో స్కాట్లండును ఓడించింది. హాయిక్ నుంచి ఫోను తెల్లవారకముందే వచ్చిందని మా అమ్మాయి చెప్పింది. 2020లో రసెల్ జట్టు నియమాల విషయమై శిక్షకునితో విభేదించి జట్టుకు దూరమైనప్పుడు, ఈదురుగాలిలో జరిగిన ఆటలో ఇంగ్లండు 13–6తో గెలిచింది. 2021 ఫిబ్రవరిలో, కరోనా కారణంగా ఖాళీగా ఉన్న లండను మైదానంలో, తిరిగి వచ్చిన రసెల్‌తో స్కాట్లండు 11–6తో గెలిచింది. అక్కడ వారికి 1983 తరువాత అదే తొలి విజయం. పబ్బులు మూతపడి ఉండడం వలన ఆ సంవత్సరపు వాదన మొత్తం టెలిఫోనులోనే జరిగింది. 2022, 2023, 2024 సంవత్సరాలలో కూడా స్కాట్లండే గెలిచింది. 2025లో మాత్రం స్కాట్లండు మూడు ట్రైలు వేసి కూడా 16–15తో, ఒక్క పాయింటుతో, ఓడిపోయింది. మూడు ట్రైల తరువాతి మూడు తన్నులూ తప్పినవే, మూడూ రసెల్‌వే. అనగా ఈ వివాదానికి తీర్పు ఇంకా రాలేదు, వచ్చే సూచన కూడా లేదు.

కలకత్తాలో ఆ క్లబ్బు వారసత్వాన్ని నిలుపుతున్న కలకత్తా క్రికెట్ అండ్ ఫుట్‌బాల్ క్లబ్బు ఉన్నది. రగ్బీ ఆట కూడా ఉన్నది. ఆ నగరానికి వెళ్ళే మన సిబ్బంది, వీలు దొరికితే ఆ పచ్చికను ఒకసారి చూడవచ్చు. ఎడిన్‌బరోకు వెళ్ళే అదృష్టం కలిగినవారు కోట చూసిన తరువాత స్టాక్‌బ్రిడ్జిలో ఒక సాయంత్రం గడపాలని మా మనవి. ఫిబ్రవరి మాసమైతే మరీ మంచిది. చలికి మందపాటి కోటు తప్పనిసరి. ఆ ఆట ముగిసిన నాలుగు రోజులకే నగరం మంచుతుఫానులో స్తంభించిపోయింది.

ఆటలో ఎవరిని ఎంచుకోవాలన్న తగవు కాలక్షేపమని మేము ఇంతకాలం తలచాము. ఉద్యోగ విరమణ తరువాత చాలామంది స్నేహాలు పండుగ శుభాకాంక్షలతో సరిపెట్టుకొంటాయి. పదవి పోయాక మాట్లాడుకోవడానికి విషయం మిగలదు. కొన్ని స్నేహాలు పాత అభిప్రాయభేదాల కింద అణగిపోతాయి. ఆ ఇద్దరు రైల్వే వృద్ధులకు మాట్లాడుకోలేని విషయం ఒకటి ఉన్నది. దానికి బదులు ఏటా పదో నెంబరు గురించి మాట్లాడుకుంటున్నారు. మేము స్వదేశం చేరిన వారానికే, కొన్నేళ్ళుగా పలకరింపులు లేని ఒక పాత సహోద్యోగికి ఫోను చేశాము. ఆనాటి అంతర్ విభాగ క్రికెట్ పోటీలో తనను పదకొండో స్థానంలో ఆడించడం అన్యాయమని ఆయన ఇప్పటికీ వాదిస్తున్నారు. మేము ఒప్పుకోలేదు. మళ్ళీ ఆదివారం మాట్లాడతానన్నారు.